తెడ్డు కొసన సముద్రం

చిల్లు పూడిపోయిందన్న కబురు వచ్చేసరికి నేను పాకం తిప్పుతున్నాను. రాగి గిన్నెలో గోరువెచ్చగా చల్లారిన పంచదార పాకం, అందులో నాలుగు చుక్కల నిమ్మరసం, చేతిలో చెక్క గరిటె. ఒకసారి తిప్పడం మొదలుపెట్టాక ఆపకూడదనీ, ఆపితే ఇసుకలా పలుకులు కడుతుందనీ మా అత్తయ్య కల్లియో పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది. అప్పుడు మోగింది ఫోను. తెర మీద మా ఆయన మనూసోస్ పేరు చూసి గరిటె వదలబోయాను. వదిలితే ఊరుకోనని కళ్ళతోనే చెప్పి, అత్తయ్య చేతులు తుడుచుకుని ఫోను తీసి నా చెవికి ఆనించి పట్టుకుంది.

"రోదాంథీ, పూడిపోయింది. డాక్టరు చెవిలోకి దీపం పెట్టి చూశాడు. కొత్త చర్మం వచ్చేసిందట."

నా చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. అప్పటిదాకా అద్దంలా అడుగు కనిపిస్తున్న పాకం మీద, చలికాలం కిటికీ మీద ఊపిరి వదిలినట్టు చిన్న మసక కమ్మింది. ఆ మసక గరిటె వెంట తిరిగింది. నేను చూస్తుండగానే, ఏమీ కలపకుండానే, గిన్నె మొత్తం పాలలా తెల్లబడిపోయింది. ఏ రంగూ లేని దానిలోంచి అంత తెలుపు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. డిగ్రీలో రసాయనశాస్త్రం కూడా చదివాను, అయినా తెలియదు.

అత్తయ్య ఫోను తన చెవికి మార్చుకుని కొడుకుని అడిగిన మొదటి ప్రశ్న, ఏమైనా తిన్నావా అని.

మా భాషలో 'నీటి అడుగుది' అనే ఒక్క మాటతో ఊరంతా పని జరుపుకుంటాం. నేను తిప్పిన ఆ తెల్లటి మిఠాయిని చెంచాకి ముద్దగా పట్టించి, చెంచాతో సహా చల్లటి నీళ్ళ గ్లాసులో ముంచి ఇస్తారు. దాని పేరు అదే. కాస్త చప్పరించి, మళ్ళీ ముంచి, మళ్ళీ చప్పరించి, చివరికి తియ్యగా మారిన నీళ్ళు తాగాలి. బీరులో చిన్న రాకీ సారా గ్లాసుని ముంచేసి కుర్రాళ్ళు తాగేదాని పేరూ అదే. బళ్ళో నేను చెప్పే పాఠంలో సముద్రం కింది కొండలకీ, ఊటలకీ, మా దీవికి కరెంటు తెచ్చే తీగకీ ముందు తగిలించే మాటా అదే. ఇక మా ఆయన ఉద్యోగం చేసే సబ్‌మెరైన్ సరేసరి. పెళ్ళికి ముందు ఈ మాట నా చెవిన పడినా పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఎవరు ఏ అర్థంలో అన్నా, నా పేరే పిలిచినట్టు తల తిప్పి చూస్తాను.

మనూసోస్‌ది సబ్‌మెరైన్‌లో వినే ఉద్యోగం. నీటి కింద ఆ ఓడకి కళ్ళుండవు, చెవులే. చెవులకి తొడుగులు పెట్టుకుని గంటల తరబడి కూర్చుని, ఎటునుంచి ఏం వస్తోందో చెప్పాలి. చేపల గుంపా, వానా, చేపల పడవా, యుద్ధనౌకా. అలాంటి మనిషితో కాపురం ఎంత తమాషాగా ఉంటుందో చెప్పలేను. అల్మారా తలుపు కూడా నిద్రపోయే పిల్లకి దుప్పటి కప్పినంత నెమ్మదిగా మూస్తాడు. మంచం ఎంత వెడల్పున్నా ఓ అంచున మడుచుకుని పడుకుంటాడు, ఓడలో పడక అంతే ఉంటుందట. పెళ్ళికి ముందోసారి మా ఇంట్లో కాఫీ తాగుతూ, పెరట్లో నూతి గిలక ఎండిపోయిందనీ, నూనె వెయ్యమనీ చెప్పాడు. ఆ గిలక చప్పుడు మాలో ఎవరికీ వినిపించనే లేదు.

మాది అనోపోలి, కొండ మీది ఊరు. మా గుమ్మంలో నిలబడితే కాళ్ళ కింద సముద్రం, సముద్రపు ఒడ్డున గవ్వలు ఆరబోసినట్టు లూత్రో. మనూసోస్‌ది లూత్రో. దానికి రోడ్డు లేదు, పడవలో రావాలి లేదా మా కొండ మీదినుంచి మేకల దారిలో దిగాలి. మా నాన్న వార్దిస్ గొర్రెల కాపరి. రోజూ సముద్రాన్ని చూస్తాడు కానీ జన్మలో పడవెక్కలేదు. కింది వాళ్ళని ఉప్పు చేపలని పైవాళ్ళూ, పైవాళ్ళని కొమ్ములు లేని మేకలని కింది వాళ్ళూ అనుకోవడం మా దగ్గర తాతల నాటినుంచీ ఉంది. అందుకే మనూసోస్ పిల్లనడగడానికి వచ్చిన రోజున నేను తలుపు వెనకాలే నిలబడి విన్నాను.

నాన్న రాకీ పోసి, చాలాసేపు గొర్రెల గురించీ వానల గురించీ మాట్లాడి, అప్పుడు అడిగాడు.

"ఆ సబ్‌మెరైన్‌కి కిటికీలెన్ని, అబ్బాయ్?"

"ఒక్కటీ లేదు, మామయ్యా."

"ఇంకా మామయ్యని కాలేదులే. మరి దారెలా తెలుస్తుంది?"

"విని."

నాన్న గ్లాసు పట్టుకుని ఆలోచించాడు. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి, "చెప్పింది వినే మగాడు దొరికాడే. ఇచ్చేద్దాం," అన్నాడు. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వేసవి చివర్లో పెళ్ళయింది. మా స్ఫకియా ప్రాంతంలో ఆడపిల్ల తండ్రి చర్చి బయట తుపాకీ పేల్చకపోతే, ఆ పెళ్ళి అతనికి ఇష్టం లేదనుకుంటారు. నాన్న ఇష్టం ఆకాశమంత. గుమ్మం దాటి బయటికి రాగానే అల్లుడికి ఎదురుగా తిరిగి, ఎడమ చేత్తో మెడ చుట్టి దగ్గరికి లాక్కున్నాడు. కుడి చేత్తో పిస్తోలు పైకెత్తాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, రెండు తలలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పేల్చాడు. ఊరంతా కేకలు పెట్టింది. మనూసోస్ ఒక్క క్షణం కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచి, నవ్వాడు. ఆ తర్వాత నాన్న భుజం మీద చెయ్యేసి తెల్లారేదాకా నాట్యం చేశాడు. కాలరు వెనకాల చిన్న ఎర్రటి మరకని నేను ద్రాక్షసారా అనుకున్నాను.

మర్నాడు నిద్ర లేచాక, కాలేజీ రోజులనుంచీ దాచుకున్న ఒక మాట అతని ఎడమ చెవిలో చెప్పాను. కదల్లేదు. పడుకున్నాడేమో అనుకున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. పైకప్పు వైపు చూస్తూ, "ఏమన్నా అన్నావా? ఇటు వైపు వచ్చి చెప్పవా," అన్నాడు.

తుపాకీ చప్పుడుకి కర్ణభేరి చిరిగి చిల్లు పడింది. దానికి తోడు ఆ చెవిలో ఒక కీచురాయి చేరింది, రాత్రీ పగలూ అరుస్తూనే ఉంటుంది. ఓడ అతన్ని వదిలి వెళ్ళిపోయింది. చిల్లు పూడాక సలమీనాలో నౌకాదళం వాళ్ళు చెవి పరీక్ష చేస్తారు, నెగ్గితే మళ్ళీ ఓడ, లేకపోతే ఒడ్డున గోదాములో బూట్లకీ దుప్పట్లకీ కాపలా. మనూసోస్ ఆ గోదాము గురించి ఒక్కసారి మాత్రమే మాట్లాడాడు, అదీ నవ్వుతూ. నేను నవ్వలేదు.

సంగతి తెలిసిన రోజున నాన్న పిస్తోలు తీసుకెళ్ళి మా చర్చి ఫాదరు చేతిలో పెట్టి వచ్చాడట. అప్పటినుంచీ మా మొహం చూడలేదు. మేము కొండెక్కి వెళ్తే ఇంట్లో ఉండడు, బల్ల మీద కాఫీ కప్పు మాత్రం ఇంకా వెచ్చగా ఉంటుంది. ఫోను దగ్గరికి రాడు. లూత్రోకి దిగే ప్రతివాడి చేతా ముదిరి గట్టిపడ్డ గొర్రెపాల జున్ను పంపిస్తాడు. అత్తయ్య వాటిని వరసగా అటక మీద పెట్టి, జున్నుతో చెవి అతుకుతుందా అని గోడతో అనేది. మనూసోస్ మాత్రం, "ఆయన కాల్చింది ఆకాశాన్నే. మధ్యలో నా తల ఉంది, అంతే," అనేవాడు.

ఇప్పుడు చిల్లు పూడింది. మిఠాయికి మూత పెట్టేసి, జుట్టు దువ్వుకుని, సాయంత్రం పడవ కోసం రేవులో నిలబడ్డాను. నవంబరు మొదలు, యాత్రికులు వెళ్ళిపోయారు, సగం ఇళ్ళకి తాళాలు. నీళ్ళు కదలకుండా రంగు వేసినట్టున్నాయి. మనూసోస్ దిగగానే కోటు జేబులోంచి డాక్టరుండే హనియా పట్నంలో కొన్న కాల్చిన చెస్ట్‌నట్ కాయల పొట్లం తీసి నా చేతుల్లో పెట్టాడు. అంత దూరం ప్రయాణంలో ఒంటికి ఆనించి పెట్టుకున్నాడేమో, ఇంకా కాస్త వెచ్చదనం ఉంది. నాకు అక్కడే గంతులెయ్యాలనిపించింది. కానీ అతని మొహంలో నేననుకున్నంత వెలుగు లేదు.

ఇంటికి నడుస్తూ చెప్పాడు. డాక్టరు అద్దాల గదిలో కూర్చోబెట్టి సన్నటి చప్పుళ్ళు వినిపించాడట. వినిపించినప్పుడల్లా మీట నొక్కాడు. డాక్టరు సంతోషపడ్డాడు. అయితే కీచురాయి పోలేదు.

"నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎవరికైనా వినిపిస్తుంది. మాది సంతలో నిలబడి చీమ నడక వినే పని. సలమీనాలో వాళ్ళు నాకు చెప్పేలోపు నాకు నేనే తెలుసుకోవాలి."

ఎలా అన్నాను. రేపు మంచినీళ్ళ తీరానికి రమ్మన్నాడు. అత్తయ్యకి చెప్పొద్దన్నాడు.

మంచినీళ్ళ తీరం అంటే లూత్రోకి తూర్పున, నిటారు కొండ కింద గులకరాళ్ళ ఒడ్డు. అక్కడ చేత్తో గుంట తవ్వితే తాగే నీళ్ళు వస్తాయి. ఒడ్డునే కాదు, సముద్రం అడుగునా ఊటలున్నాయి. ఉప్పునీళ్ళని తోసుకుంటూ మంచినీళ్ళు పైకి వస్తాయి. మనూసోస్ తాత జాలరి. ఆయన ఇంజను పడవ కొననేలేదు. పడవ ఆపి, తెడ్డు వెడల్పాటి కొసని నీళ్ళలో దించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి వినేవాడట. ఎక్కడ ఊట ఉంటే అక్కడికి చేపలు చల్లదనానికి చేరతాయి. మనూసోస్ మాటలు రాకముందే తెడ్డుతో వినడం నేర్చుకున్నాడని అత్తయ్య అంటుంది. ఆవిడ మాట పూర్తిగా నమ్మను గానీ, సగం నమ్ముతాను.

పొద్దున్నే తాత పడవ తీశాం. కొండ నీడలో నీళ్ళు నల్లగా, నీడ దాటగానే పచ్చగా. ఊటల దగ్గరికి వచ్చాక మనూసోస్ తెడ్లు ఎత్తేశాడు. ఒక తెడ్డు నాకిచ్చాడు. కొవ్వొత్తి మైనం వేళ్ళతో మెత్తగా చేసి కుడి చెవిలో కుక్కుకుని, దాని మీదుగా నా ఉన్ని శాలువా చుట్టించుకున్నాడు. కళ్ళకి నా చేతిరుమాలు కట్టమన్నాడు. తన మీద తనకి అంత నమ్మకం లేదని అప్పుడు అర్థమైంది. మోసం చెయ్యడానికి ఏ సందూ మిగల్చుకోదలచలేదు.

"పడవని అటూ ఇటూ తిప్పు. ఊట మీదికి ఎప్పుడు తీసుకెళ్తున్నావో నాకు చెప్పకు. నేనే చెప్తాను."

రెండో తెడ్డుని పక్కనుంచి నీళ్ళలోకి దించి, పిడిని ఎడమ చెవికి ఆనించుకుని వంగి కూర్చున్నాడు.

ఊట ఎక్కడుందో నాకు కనిపిస్తూనే ఉంది. చుట్టూ చిన్న చిన్న అలలుంటే అక్కడ మాత్రం పెద్ద పళ్ళెమంత మేర నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. లోపలి రాళ్ళు వేసవిలో రోడ్డు మీద గాలి మరిగినట్టు వణుకుతున్నాయి. నేను నెమ్మదిగా పడవని దాని మీదికి తోశాను. మనూసోస్ మొహం చూశాను. ఏమీ లేదు. పడవ నున్నటి నీళ్ళు దాటి అవతలికి వెళ్ళిపోయింది.

కనీసం ఒక దగ్గు దగ్గుదామా అనిపించింది. తిప్పి మళ్ళీ తీసుకొచ్చాను, ఈసారి ఇంకా నెమ్మదిగా. నున్నటి నీళ్ళలో వేలు పెడితే జివ్వుమంది. వేలు నాక్కున్నాను, ఉప్పు లేదు. సముద్రం మధ్యలో ఉప్పు లేని నీళ్ళు నా నాలుక మీదుంటే, నా ఎదురుగా నా మొగుడు ఏమీ వినిపించక కూర్చున్నాడు. గోదాములో వరసగా పేర్చిన బూట్లు నా కళ్ళ ముందు నిలిచాయి. ఆ బూట్ల మధ్య ఎవరూ మాట్లాడరు. వినడానికి ఏమీ ఉండదు.

రెండోసారీ దాటిపోయాం.

"నీ తెడ్డు," అన్నాడు మనూసోస్. నేను ఉలిక్కిపడ్డాను. "నీ తెడ్డునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కో చుక్కా డప్పు కొట్టినట్టుంది. లోపల పెట్టెయ్."

నా తెడ్డు పైకెత్తి చూశాను. కొసనుంచి సన్నగా చుక్కలు పడుతున్నాయి. ఆ చప్పుడు నాకు వినిపించలేదు. తెడ్డుని ఒళ్ళో పెట్టుకుని, నా గౌను అంచుతో తుడిచాను. ఊపిరి కూడా బిగబట్టాను. పడవ తనంతట తనే తేలుతూ, ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ మెల్లగా నున్నటి నీళ్ళ అంచుకి వచ్చింది.

మనూసోస్ నోరు కొద్దిగా తెరుచుకుంది. చిన్నపిల్లలు నిద్రలో తెరిచినట్టు.

"గులకరాళ్ళు," అన్నాడు. గొంతు మారిపోయింది. "ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. కింద ఇసుక లేస్తోంది... పెద్ద ఊట ఇదే, మనం దీని మీదే ఉన్నాం. ఇంకోటి కూడా ఉంది. సన్నది. ఒడ్డు వైపు."

నాకు తెలిసి అక్కడ ఉన్నది ఒక్కటే ఊట. ఒడ్డు వైపు తిరిగి చూశాను. నీళ్ళలోకి దిగిన నల్లటి బండ పక్కన, అరచేతి వెడల్పున, అద్దం ముక్క పడేసినట్టు నున్నటి చోటు ఒకటి మెరుస్తోంది. దాన్ని అప్పటిదాకా నేను కళ్ళుండీ చూడలేదు. కళ్ళకి గంతలు కట్టుకున్నవాడు చూశాడు.

ఇంకా అతను అలాగే ఉన్నాడు, ఒక చెయ్యి ఎత్తి నన్ను ఆగమన్నాడు. కాసేపయ్యాక, గావ్దోస్ దీవికి వెళ్ళే పడవ బయల్దేరిందన్నాడు. నేను సముద్రం వైపు చూశాను. ఖాళీ. ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒక్క చుక్క లేదు. నీళ్ళలో దాన్ని నడిపే పంకా రెక్క ఒకదాని అంచు విరిగిందనీ, తిరిగినప్పుడల్లా ఒక్కసారి తడబడుతోందనీ, కుంటిగుర్రం నడకలా ఉందనీ చెప్పాడు. నేను ఖాళీ సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాను. సముద్రం ఎప్పటిలాగే ఉంది. కానీ దాని లోపల ఎక్కడో ఒక కుంటిగుర్రం పరిగెత్తుకుంటూ వస్తోంది, ఆ సంగతి ఇంత పెద్ద నీళ్ళలో మా ఆయనకి ఒక్కడికే తెలుసు. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చర్చిలో కూడా నాకు అలా ఎప్పుడూ అవలేదు.

చాలాసేపటికి కొండ మలుపు దాటి తెల్లటి పడవ బయటికి వచ్చింది.

నేను ఏడ్చేశాను. రుమాలు విప్పి ఆ రుమాలుతోనే కళ్ళు తుడుచుకున్నాను. కీచురాయి పోయిందా అని అడిగాను.

"లేదు. అరుస్తూనే ఉంది." కుడి చెవిలోంచి మైనం తీసుకుంటూ నవ్వాడు. "దాని వెనకాల సముద్రం ఉంది, రోదాంథీ. మొదట కీచురాయినే విన్నాను. తర్వాత దాన్ని పక్కకి జరగమన్నాను."

అప్పుడు తన తెడ్డు నాకిచ్చాడు.

మొదట ఏమీ లేదు. చెక్క, చల్లగా, చెవి వెనకాల. నా గుండె కొట్టుకోవడం. దాన్ని దాటి వెళ్ళమన్నాడు. ఎలా దాటాలో తెలియక కళ్ళు మూసుకున్నాను. మెల్లగా, పెనం మీద నూనె చిటపటలాడినట్టు ఒక చప్పుడు నలువైపులనుంచీ మొదలైంది. ఎటునుంచని చెప్పలేను, నా తలలోనే పుట్టినట్టుంది. అవి రొయ్యలన్నాడు మనూసోస్, వేలాది రొయ్యలు పటకార్లలాంటి ముందుకాళ్ళు ఆడిస్తున్నాయి. దాని కింద, ఇంకా లోతున, ఎవరో చేటలో పప్పు చెరుగుతున్నట్టు, ఆగకుండా, తొందర లేకుండా ఒక సవ్వడి. గులకరాళ్ళు. ఊట.

నేను పుట్టినప్పటినుంచీ ఈ సముద్రాన్ని చూస్తున్నాను. పాఠాలు చెప్పాను. బొమ్మలు గీయించాను. అది ఎప్పుడూ ఇలా మాట్లాడుతూనే ఉందన్న సంగతి నాకు తెలియదు. ఒక ఇంటి ముందు ఇన్నేళ్ళు తిరిగి, ఇవాళ తలుపు తీసి చూస్తే లోపల పెళ్ళి జరుగుతున్నట్టుంది.

అలా వింటుండగా బళ్ళో నేను చెప్పే పాఠం గుర్తొచ్చింది. ఈ ఊటలకి నీళ్ళెక్కడినుంచి వస్తాయి? పైన తెల్లకొండల మీద చలికాలం మంచు పడుతుంది. అది కరిగి, సున్నపురాయి పగుళ్ళలోంచి దిగి, చీకటి గుహల్లో నడిచి నడిచి ఇక్కడ సముద్రం అడుగున బయటపడుతుంది. తెల్లకొండలకీ ఈ ఊటకీ మధ్య ఉన్నది అనోపోలి. మా నాన్న గొర్రెలు మేసే బయలు. ఆయన చలికి వణుకుతూ తిట్టుకున్న మంచు, గొర్రెలు తొక్కిన మంచు, నా చిన్నప్పుడు ఆయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని నడిచిన మంచు. అది మా ఇంటి కిందనుంచే నడిచి వచ్చి, ఇప్పుడు నా చెవిలో గులకరాళ్ళు దొర్లిస్తోంది.

ఈ మాట మనూసోస్‌కి చెప్పాను. అతనికి ఆ చప్పుడు తెలుసు గానీ, అది ఎవరి కొండదో ఎప్పుడూ ఆలోచించలేదట. చాలాసేపు కొండ పైకి చూశాడు. కిందినుంచి మా ఊరు కనిపించదు, రాతి అంచు ఒక్కటే కనిపిస్తుంది.

"మీ నాన్నకి ఇది తెలుసా?" అన్నాడు.

ఎలా తెలుస్తుంది, పడవెక్కితే కదా అన్నాను.

ఇంటికి రాగానే అత్తయ్యకి అంతా చెప్పేశాడు. ఆవిడ ముందు సిలువ గీసుకుంది, తర్వాత తనకి చెప్పకుండా వెళ్ళినందుకు కొడుకు వీపు మీద ఒకటీ నా వీపు మీద ఒకటీ వేసింది. ఆ తర్వాత నిచ్చెన వేసుకుని అటకెక్కి ఒక జున్ను ముద్ద దించి, మధ్యకి కోసి, పళ్ళెంలో పెట్టింది. ముగ్గురం తిన్నాం. బాగుంది.

తినడం అయ్యాక నేను మా అమ్మకి ఫోను చేశాను. అనుకున్నట్టే నాన్న ఇంట్లో లేడంది. అమ్మ గొంతులో అబద్ధం తెలిసిపోతూనే ఉంది. మనూసోస్ ఫోను తీసుకున్నాడు. ఎడమ చెవికి పెట్టుకున్నాడు. కాసేపు విన్నాడు. తర్వాత అందరికీ వినపడేట్టు మీట నొక్కి ఫోను బల్ల మీద పెట్టాడు.

"మామయ్యా, మీరు తలుపు పక్కనే నిలబడ్డారు. మీ ఊపిరి వినిపిస్తోంది. ఎడమ చెవితోనే విన్నాను."

అవతల నేల మీద బూటు కదిలిన చప్పుడు. అది నాకూ వినిపించింది.

"ఎడమదేనా?" అన్నాడు నాన్న. చాలా రోజుల తర్వాత వింటున్న ఆ గొంతు ఎండిపోయిన గిలకలా ఉంది.

"ఎడమదే."

"కుడిదేమో చూసుకో."

"చూసుకున్నాను మామయ్యా. నాకున్నవి రెండే."

అమ్మ అవతల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాన్న ఏదో అనబోయి ఆగాడు. మళ్ళీ అనబోయి ఆగాడు. ఆయన ఏం చెప్పాలనుకుంటున్నాడో మాకందరికీ తెలుసు, ఆయనకి ఆ మాట నోటికి రావడం లేదు. మనూసోస్ దాని కోసం ఎదురుచూడలేదు. రేపు పొద్దున తను కొండెక్కి వస్తాననీ, ఇద్దరూ కలిసి దిగి పడవలో వెళ్దామనీ చెప్పాడు.

"నాకు ఈత రాదు," అన్నాడు నాన్న.

"నాకు గొర్రెల్ని కాయడం రాదు. మీరు పిల్లనివ్వలేదా? మీరు నా చెవిలో ఒకటి పేల్చారు మామయ్యా. రేపు మీ చెవిలో నేనొకటి వినిపిస్తాను. మీ కొండ మీద పడ్డ మంచే. కింద దాకా దిగి వచ్చింది, మీరే రాలేదు."

ఆ మాట పూర్తిగా అర్థం కాలేదనుకుంటాను నాన్నకి. అయినా వాదించలేదు. అక్కడ మళ్ళీ బూటు కదిలింది. కుర్చీ లాగిన చప్పుడు, కూర్చున్న చప్పుడు.

"నువ్వు పైకి రావద్దు," అన్నాడు చివరికి. "ఆ దారిలో నీకు కాళ్ళు నిలవవు. తెల్లవారగానే గొర్రెలకి మేత వేసి నేనే దిగుతాను. పడవ ఒడ్డుకి దగ్గరగా పట్టుకో."